స్పానిష్ నేర్చిన మంద

శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాంక ఎన్ని గొర్ల మందలన్న ఉండనీ, స్పానిష్ వచ్చిన మంద మాత్రం కుర్మయ్యదొక్కటే. అబద్ధమనిపిస్తె ఆ వెంచర్ వాచ్‌మన్‌ను అడుగున్రి. ప్లాట్ల రాళ్ల నడుమ చెల్లాచెదరైన గొర్లు, కుర్మయ్య "దెహామోస్!" అని ఒక్క కేక వెట్టంగనె తలకాయలు లేపి, పెండ్లికి వోతున్నట్టు వరుస గట్టి రోడ్డెక్కేటియి. అండ్ల ఒక ముసలి గొర్రె ఉండె. అది తిరిగి "హే" అనేదట, అచ్చం ఆ దేశపోళ్ల లెక్కనె గొంతు అడుగు నుంచి. స్పెయిన్ నుంచి ఎవలన్న వస్తె దానితోని ఓ గంట కూసొని ముచ్చట వెట్టి వోతరని కుర్మయ్య పందెం కాసేటోడు.

మందకు గా విద్య ఆయన బిడ్డ స్రవంతి పుణ్యాన వచ్చింది.

స్రవంతి డిగ్రీ అయిపోయి, మేడ్చల్ బస్టాండ్ ఎనకాల ఓ మేడ మీద శేఖర్ సార్ కాడ స్పానిష్ నేర్చుకుంటుండె. యాడనో సముద్రాల అవతలోళ్లు ఫ్రిజ్ పాడైందని, పార్సిల్ రాలేదని ఫోన్ జేస్తె, గీడ కూసొని వాళ్ల భాషల జవాబు చెప్పే కొలువు. ఇంగ్లీష్ వచ్చినోళ్లు గల్లీకి పది మంది దొరుకుతరు, గీ భాష వచ్చినోళ్లు దొరుకరు, అందుకె కొలువు జల్దీ వస్తదని సార్ మాట. వచ్చేదే గని స్రవంతి ఇప్పటికి రెండుసార్లు ఇంటర్వ్యూల తప్పింది. రెండుసార్లు గూడ ఒక్క కాన్నే కాలు జారింది. నడుస్తున్న ముచ్చటైతె గడగడ చెప్తది, "నిన్న ఏం జేసినవ్" అంటె నాలుక మడతవడ్తది. ఇగ శుక్రవారం మూడోసారి. అది గూడ వోతె మళ్ల ఏడాది దాంక పిలువరు. అటెనుక సంగతి ఆమె తల్లి ముత్తమ్మ ముందుగాలనే తేల్చిపెట్టింది. "రాకపోతె మందుల కంపెనీల సీసాలకు మూతలు వెట్టనీకి పో బిడ్డ. నీతోటోళ్లందరు వోతలేరా?"

సోమవారం పొద్దు గుంకే యాల్లకు స్రవంతి దొడ్డి గోడ మీద కూసొని ఫోన్ల జూసుకుంట ఆ నాటి పాఠం వల్లె వేస్తున్నది. పాఠమంత ఒక్కటే మాట, దెహార్. "గీ ఒక్కదాని మెడ పట్టుకుంటె సగం భాష మీ ఇంటికొస్తది" అన్నడు సార్. మాట ఒక్కటే గని పది పనులు జేస్తది. గొడుగు బస్సుల మరిచి దిగితె అదే మాట. పిలగాన్ని పోయి ఆడుకోనిస్తె అదే. సిగరెట్ మానేస్తె అదే. చుట్టాన్ని బస్టాండ్ కాడ దింపొస్తె గూడ అదే. పైకెళ్లి అయిపోయిన ముచ్చట చెప్పనీకి రెండు తొవ్వలు. రోజు జరుగుతుండేదైతె ఒక తొవ్వ. ఒక్క దెబ్బకు జరిగి, అక్కడికి అయిపోయిందంటె ఇంకో తొవ్వ. స్రవంతికి చెమటలు వట్టేది గా రెండో తొవ్వలనే.

కుర్మయ్య దొడ్ల ఒక గొర్రెను పక్కకు వండవెట్టి, దాని కాలు తన తొడల నడుమ ఇరికిచ్చి, గిట్టలకెళ్లి మేకు పీకుతున్నడు. వెంచర్లు వడ్డకాడి సంది గడ్డి కంటె మేకులు, గాజు పెంకులే ఎక్కువ మొలుస్తున్నయ్. దినాం సాయంత్రం ఒక్కొక్క దాని కాళ్లు వట్టి చూస్తె గని ఆయనకు బువ్వ ముట్టబుద్ధి గాదు. మేకును పటకారుతోని గుంజి, ఎలుగుకు పట్టి, "అబ్బ, గిది చూడు ఎంత పొడుగున్నదో! గిసుంటియి ఏరి పెడితె రెండంతస్తులు కట్టొచ్చు" అనుకుంట పుండుకు పసుపు, యాప నూనె రాసిండు. ఆ గొర్రె ఎడమ చెవి కొసకు చిన్న గాటు ఉంటది. అది స్రవంతి గుర్తు. ఆడిపిల్ల పుట్టిన కురుమ ఇంట్ల ఒక గొర్రెపిల్లకు అట్ల చెవి కోసి, "గిది బిడ్డది" అని మందల కలుపుతరు. అది ముసలిదైతె దాని కడుపున పుట్టినదానికి అదే గాటు వెడ్తరు.

"దెహే అంటె, నేను ఇడిసిపెట్టిన," స్రవంతి గట్టిగ చదివింది. "దెహాస్తే అంటె నువ్వు ఇడిసి..."

"థూ థూ థూ!" కుర్మయ్య చేతుల పటకారు కింద వడ్డది. "మంద ముంగట గా మాటేంది? పగోని బిడ్డవా నా బిడ్డవా?"

కురుమోళ్ల ఇండ్లల్ల దీపం ఆరిందనరు, కొండెక్కిందంటరు. బియ్యం అయిపోయినయనరు, నిండుకున్నయంటరు. అట్లనే దొడ్డి కాడ నిలవడి 'ఇడిసిపెట్టినం', 'అమ్మినం' అని ఎవలు నోరు జారరు. పొట్టేలును బేరగానికి ఇచ్చినా "అత్తగారింటికి తోలినం" అంటరు. ఇంటి మనిషి నోట్ల ఆ మాట వడితె మంద వింటది. విన్న మంద ఇగ ఆ ఇంట్ల నిలువది.

"మా చిన్నాయిన సంగతి చెప్పలేదా నీకు? ఒక్కపారి మస్కిరికి అన్నడు, 'గీ గొర్లను ఇడిసిపెట్టి బొంబాయి వోత' అని. తెల్లారి లేసి జూస్తె దొడ్డి ఖాలీ! తడక వాటంతటవే తీస్కొని, రోడ్డుకు ఎడమ దిక్కు నడుసుకుంట, తుర్కపల్లి కాడ లారీలకు దారిచ్చి, సిద్దిపేట వోయి ఇంకోని దొడ్ల నిలవడ్డయ్. ఈయన వోయి పిలిస్తె ఒక్కటి మొఖం జూడలే."

"తడక ఎట్ల తీసినయ్ బాపు? చేతులున్నయా?"

"అవసరం వడితె అన్ని మొలుస్తయ్ బిడ్డా."

"మీ చిన్నాయిన తాగి తడక ఎయ్యకుంట పన్నడు, మా అత్త జెప్పింది నాకు," వాకిట్ల బియ్యం చెరుగుతున్న ముత్తమ్మ తలకాయ లేపకుంటనె అన్నది.

"మరి నేనెట్ల చదువాలె?" అన్నది స్రవంతి. "ఇంట్ల టీవీ, ఇక్కడ గీ ఆన."

కుర్మయ్య ఒక గడియ ఆలోచించి, గొప్ప తీర్పు చెప్తున్నట్టు తలకాయ ఊపిండు. "గా భాషలనే చదువు. గొర్లకు తెలుగు వస్తది. జియాగూడ బేరగాళ్ల తోని తిరిగి జర ఉర్దూ గూడ వస్తది. గా భాష రాదు. ఎంత గట్టిగన్న చదువుకో."

"అర్థం గూడ చదువాలె గద. వాక్యాలు జెయ్యాలె. ఒక వస్తువు యాడన్న వదిలినట్టు, ఒగల్ని పోనిచ్చినట్టు, ఒక పని మానినట్టు."

"గంతేనా? అయితె నా చిరుత కథ వట్టు. అండ్ల మూడున్నయ్."

చిరుత కథ స్రవంతి పాలు తాగినప్పటి సంది వింటున్నదే. అయినా కుర్మయ్య ఎన్నడూ విననోళ్లకు చెప్పినట్టే షురూ జేసిండు. చలికాలమట. చెర్వు కట్ట మీదికెళ్లి మంద తోలుకొస్తుంటె ఎనుక ఓ కుక్క వడ్డదట. ఎవలదో బాగ తిన్న ఇంటి కుక్క అనుకొని గట్కముద్ద ఏసిండట. ఇగ అది పోదు. వారం రోజులు మందను కాసింది, తప్పిపోయిన గొర్రెపిల్లను నోట్ల పట్టుకొచ్చి తల్లి కాడ పడేసిందట, ఒక్క పన్ను గాటు పడకుంట. ఎనిమిదో నాడు మబ్బు ఇడిసి ఎండ గొడితె చూసిండు. ఒంటి నిండ మచ్చలు! చిరుత!

"నేను దాన్ని జూసిన, అది నన్ను జూసింది. చేతుల కర్ర అక్కన్నే..." కుర్మయ్య గొంతు తగ్గిచ్చి, పక్కన నిలవడ్డ గాటు చెవి గొర్రె రెండు చెవులు తన రెండు చేతులతోని మూసి, గుసగుసగ అన్నడు, "ఇడిసిపెట్టిన." చెవులు మళ్ల తెరిచిండు. "'గిన్ని దినాలు నా ఉప్పు తిన్నవ్, పో తల్లీ' అని దానికి దారిచ్చిన. అది తోక ఊపుకుంట అడివికి వోయింది. ఆ దినం సంది భయపడుడు మానేసిన. మీ అమ్మకు తప్ప."

స్రవంతి నవ్వబోయి ఆగింది. నిజమే, మూడున్నయ్! కర్ర కింద వడేసుడు, చిరుతను పోనిచ్చుడు, భయపడుడు మానేసుడు. మూడింటికి ఒక్కటే మాట. పైకెళ్లి మూడు గూడ ఒక్క దెబ్బకు జరిగి అయిపోయినయే. ఆమె నోట్లె నోట్లె కూడుకొని, మెల్లగ పలికింది. "మి పాపా దెహో ఎల్ పాలో."

"గదేంది?"

"మా బాపు కర్ర... గదే."

"మి పాపా అంటె నేనా?" కుర్మయ్య తలగుడ్డ తీసి మళ్ల కట్టుకున్నడు. "వారీ! ముత్తీ, ఇన్నవా? నా పేరు సముద్రం దాటింది!"

"దాటి అక్కన్నే ఉండమను," అన్నది ముత్తమ్మ.

ఆ సాయంత్రం సంది ఇంట్ల వేరే ముచ్చట లేదు. మి పాపా దెహో ఎల్ పాలో. మి పాపా దెహో ఇర్ అల్ లెయోపార్దో. మి పాపా దెహో దె తెనేర్ మియెదో. మూడు రోజులకు స్రవంతి నాలుక మీది ముడి ఇడింది. తను తప్పినకాడ కుర్మయ్య ఆపి సరిజేసేటోడు, చదువు రానోళ్లకు చెవులే బడి గద. "దెహో అనాలె బిడ్డా, దెహే అంటె నువ్వు జేసినట్టు. చిరుతను పోనిచ్చింది నువ్వా, నేనా?" అనేటోడు. గొర్లను ఒవేహాస్ అంటరని గూడ అడిగి నేర్చుకున్నడు. పొద్దుగాల మందను తోలుకపోంగ గూడ అయ్యే కేకలు. "హో... దెహే! దెహాస్తే! ఓ నల్లదానా, దెహామోస్!" మొదలు గొర్లు చెవులాడిచ్చినయ్. రెండో నాడు ఆగి విన్నయ్. మూడో నాటికి పిలిస్తె పలుకవట్టినయ్. వాచ్‌మన్ పరేషాన్ అయ్యిండు. "ఏ దేవుని మంత్రం కుర్మన్నా గిది?" అన్నడు. "ఫ్రిజ్‌లు బాగు జేసే మంత్రం" అన్నడు కుర్మయ్య.

మంగళవారం నాడు ముత్తమ్మ తమ్ముడు ఎల్లేష్ గజ్వేల్ దిక్కుకెళ్లి వచ్చిండు. వచ్చినప్పుడల్ల అడిగినట్టే చాయ తాగుకుంట అడిగిండు. "బావా, ఇక్కడేమున్నది? రేపు గా ప్లాట్లకు గూడ గోడలొస్తయ్. మా దిక్కు చెల్కలున్నయ్, చెట్లున్నయ్. మందను నాకు తోలు. నువ్వు మోకాళ్లకు నూనె వెట్టుకొని కూసో."

"తోలితె పొద్దుగాల లేసి ఎవలతోని మాట్లాడాలె బామ్మర్దీ? మీ అక్కతోనా?"

"నాతోని మాట్లాడితె పన్నులు ఊడ్తయా?" అన్నది ముత్తమ్మ.

"ఊడలే, రాలినయ్," అన్నడు కుర్మయ్య, నోరు తెరిచి ఖాలీ జాగ జూపెట్టిండు. "నడిచినన్ని దినాలు నడుస్త బామ్మర్దీ. గడ్డి లేకుంటె రాళ్లు మేపుత. ఇగ గా ముచ్చట దొడ్డి కాడ తియ్యకు."

ఎల్లేష్ నవ్వి లేసి వోయిండు. స్రవంతికి ఆ దినం గూడ మందంటె చిన్నతనమేం లేదు. చిన్నతనం బుధవారం నాడు వచ్చింది, మేడ మీద, ఏసీ రూంల.

ఇంటర్వ్యూల ఎట్లడుగుతరో అట్లనే శేఖర్ సార్ ఒక్కొక్కల్ని లేపి అడిగిండు. మీ ఇల్లు యాడ, మీ ఇంటోళ్లు ఏం జేస్తరు. స్రవంతి లేసి, మా బాపు గొర్లు కాస్తడని ఆ భాషల తప్పు లేకుంట చెప్పింది. ఒవేహాస్ అంటె గొర్లు. ఎనుక బెంచిల ఎవడో మెల్లగ "బే..." అన్నడు. ఇంకోడు అందుకున్నడు. రూమంత దొడ్డి అయింది. సార్ వద్దు వద్దనుకుంటనె తను గూడ నవ్విండు. నవ్వి, కండ్లద్దాలు తుడుసుకొని అన్నడు. "చూడమ్మా, భాష మంచిగుంది. కాని ఇంటర్వ్యూల ఒవేహాస్ అనకు. బిజినెస్ అను. వాళ్లు నీ ఇంగితం గూడ చూస్తరు. బ్యాక్‌గ్రౌండ్‌ల గిసుంటి సప్పుడు అసలే రావద్దు, వీడియో అది."

పక్కన కూసున్న అశ్రిత మంచి పిల్లనే. మంచికే చెవుల చెప్పింది. "మా డాడీ ప్లాట్లు అమ్ముతడు, నువ్వు గూడ గదే అను. ఎవలొచ్చి జూస్తరే?"

ఇంటికొచ్చే బస్సుల జవహర్‌నగర్ దిక్కు గాలి తిరిగింది. చెత్తకుప్పల వాసన గుప్పుమన్నది. అందరు ముక్కులు మూసుకొని అటిటు చూసిన్రు. దినాం జరిగేదే. అయినా ఆ దినం స్రవంతికి అందరు తన దిక్కే జూసినట్టనిపించింది. చున్నీ కొస తెచ్చి మెల్లగ మూతికాడ వెట్టుకొని వాసన జూసుకున్నది. యాప నూనె వాసన, గొర్ల వాసన. ఇంటికొచ్చి ఆ చున్నీని రెండు సార్లు పిండింది.

శుక్రవారం పొద్దుగాలనే మందను చెర్వు అవతలికి తోలుకపోత అన్నడు కుర్మయ్య, ఇంటర్వ్యూ అయ్యేదాంక సప్పుడు వినవడొద్దని. కాని తెల్లారేసరికి జేసీబీ వచ్చి వెంచర్ తొవ్వకు అడ్డం పెద్ద కాలువ తవ్వి పెట్టింది. మంద బయటికి ఎల్లే దారి లేదు. స్రవంతి మొఖం తెల్లవడ్డది.

"పరేషాన్ గాకు," అన్నడు కుర్మయ్య. "నోట్ల మేత ఉన్న గొర్రె మాట్లాడది. మనుషుల లెక్క గాదు."

అప్పటికప్పుడు వోయి సుబాబుల్ కొమ్మలు మోపులకు మోపులు నరికి తెచ్చిండు. దొడ్డి ఇంటి ఎనకాలనే, కిటికి కింద. స్రవంతి కిటికి రెక్కలు వెట్టి, గోడకు మంచి దుప్పటి కట్టి, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఒరిగిచ్చి కూసున్నది. అవతల కుర్మయ్య ఒక్కొక్క గొర్రెకు ఒక్కొక్క కొమ్మ అందిస్తుండె. అయిపోయినదానికి అయిపోకముందే ఇంకోటి. చంటి పిల్లలకు పాలసీస పట్టినట్టు.

ఫోన్ల కనవడ్డామె నడీడు మనిషి. అటుదిక్కు ఎక్కడనో కొండల మీది ఊరట, ఎనుక గోడకు ఎర్రరంగు దుప్పటి ఏలాడుతున్నది. మొదలు చిన్న చిన్నయి అడిగింది. స్రవంతి చెప్పింది. తర్వాత, నీ జీవితంల జరిగిన ఒక ముచ్చట చెప్పు అన్నది. అయిపోయిన ముచ్చట. స్రవంతి "మి పాపా" అనబోయింది.

అప్పుడే ఒక గొర్రె అరిసింది. గాటు చెవిదే. గొంతు ఎరుకే గద.

ఫోన్ల ఉన్నామె మొఖం ఇప్పారింది. ముంగటికి వంగి అడిగింది, "అవి ఒవేహాసేనా?"

స్రవంతికి బెంచిలన్ని మళ్ల అరిసినట్టయింది. సార్ అద్దాలు తుడుసుకున్నట్టయింది. పక్కింటోళ్లయి అన్నది. మీకు లేవా, మీ నాయిన ఏం జేస్తడు అని ఆమె అడిగింది. అప్పుడు స్రవంతి నోట్లకెళ్లి, నాలుగు రోజులు సాన పట్టిన మాట, ఒక్క అచ్చరం తొట్రువడకుంట, ఒక్క దెబ్బకు జరిగి అయిపోయిన తీరున, గట్టిగ బయటకొచ్చింది.

"మి పాపా దెహో లాస్ ఒవేహాస్."

ఇప్పుడు ప్లాట్లు అమ్ముతడు అని గూడ చెప్పింది. ఎట్ల మానిండు, ఎప్పుడు మానిండు అంటె అన్ని చెప్పింది. ఇంత మంచిగ ఆ భాష తనకు ఎన్నడు రాలే. ఆమె మాత్రం ఎనుకకు ఒరిగి, "ఆ... కే పేన," అన్నది మెల్లగ. తర్వాత పార్సిల్లు, ఫ్రిజ్‌లు అడిగింది.

కిటికి అవతల ఆకులు గుంజే సప్పుడు ఎప్పుడో ఆగింది. గొర్లు గూడ ఒక్కటి సుత అరువలే. అద్దంలకెళ్లి కుర్మయ్య తలగుడ్డ కొస ఒక్కటే కనవడ్తుండె. జరసేపటికి అది గూడ లేదు.

స్రవంతి బయటకు వస్తె ఆయన దొడ్ల కూసొని, మిగిలిన కొమ్మల ఆకు దూస్తున్నడు.

"అయ్యిందా బిడ్డా?"

"మంచిగనే అయింది బాపు."

"చిరుత ముచ్చట అడిగిందా?"

"లే బాపు. టైం లేకపాయె."

"అవు," అన్నడు కుర్మయ్య. "గంత పెద్ద కథకు టైం యాడిది వాళ్లకు." లేసి బట్టలు దులుపుకున్నడు. ఆ సాయంత్రం కాలువ మీద పలక ఏసినంక మందను బయటకు తోలిండు. 'హో, హో' అని పాత కేకతోనే తోలిండు. స్రవంతికి అది వినవడ్డది గని మనసుకు పట్టలే. ఫోన్ దిక్కే జూస్తున్నది.

శనివారం పగటీలి ఫోన్ మోగింది. సెలెక్ట్ అయినవు, సోమవారం రావాలె అన్నరు. స్రవంతి ఎగిరి గంతేసింది. కుర్మయ్య ఇంట్ల లేడు. ముత్తమ్మ సంతోషపడ్డది గని ఏదో అనబోయి మింగింది. "పోయి రా, మిఠాయి తే," అన్నది. స్రవంతి మేడ్చల్ వోయి మైసూర్‌పాక్, బాపుకు కొత్త తలగుడ్డ కొన్నది. బస్సుల మళ్ల గాలి తిరిగింది గని ఆ దినం ముక్కుకు ఏం తెల్వలే.

ఇంటి మలుపు కాడ మట్టిల పెద్ద బండి టైర్ల గుర్తులున్నయ్. డీసీఎం బండియి. తడక పక్కకు తీసి ఉన్నది. దొడ్ల సప్పుడు లేదు. సుబాబుల్ కట్టెలు, పెంటికలు, గడప కాడ చల్లిన పసుపు. ఒక్క గొర్రె, గాటు చెవిది, గుంజకు కట్టేసి ఉన్నది. గోడ మీద కుర్మయ్య కూసొని, పని లేని చేతులకు పనిచ్చినట్టు, ఓ కర్రను సన్నగ చెక్కుతున్నడు.

"అమ్మా, మంద ఏది?"

"మీ మామ తోలుకపోయిండు," అన్నది ముత్తమ్మ గడప మీదికెళ్లి. ఏడ్సి ఏడ్సి కండ్లు బూరెలయినయ్. "నిన్న పొద్దుగూకి ఈయననే ఫోన్ జేసిండు. వద్దని కాళ్లు మొక్కిన. నీకు గూడ చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. నా మాట ఎన్నడన్న విన్నడా?"

"బాపూ!"

"ఆ, వచ్చినవా బిడ్డా? కొలువొచ్చిందట గద." నవ్విండు, ఖాలీ పన్ను జాగ కనవడ్డది. "మిఠాయేది? మరి గడ్డి లేకపాయె. తొవ్వకు కాలువ తవ్విరి. మోకాళ్లు గూడ నాతోని మాట్లాడుడు బంద్ జేసినయ్. వాటికి గజ్వేల్ దిక్కే మంచిది."

"మొన్న గూడ గడ్డి లేకుండె గద. మొన్న ఎందుకు తోలలే?"

కుర్మయ్య కర్రను తిప్పి, కొస చూసుకున్నడు. "గొర్లకు గా భాష రాదనుకున్న బిడ్డా. నాదే బుద్ధిలేని తనం. నాలుగు దినాలు పొద్దుమాపు నేనే నేర్పిస్తి గద వాటికి."

స్రవంతి కిటికి దిక్కు జూసింది.

"మి పాపా దెహో అనంగనె చిరుత కథనే అనుకున్న," అన్నడు కుర్మయ్య. "కొమ్మ పట్టుకొని చెవి రిక్కిచ్చిన. ఇప్పుడు కర్ర వస్తది, ఇప్పుడు చిరుత వస్తది అని. ఒవేహాస్ అన్నవ్. అన్ని ఒక్కపారే తలకాయలు లేపి నా దిక్కు జూసినయ్. నోట్ల ఆకు నోట్లనే ఉన్నది. ఇంటి బిడ్డ నోట్లకెళ్లి వచ్చినంక ఇగ నేనేం చెప్పాలె వాటికి?"

"నేను ఉత్తగన్న బాపు! వాళ్లు నవ్వుతరని, కొలువు రాదని... నిజంగ అనలే..."

"తప్పు అనలేదు బిడ్డా. ఒక్క తప్పు వోలేదు. సరిగ్గనే పలికినవ్. దెహే అనలే, దెహో అన్నవ్." నిజంగనె మెచ్చుకున్నట్టున్నది ఆయన గొంతు. స్రవంతికి తిట్టినా గంత దెబ్బ తగలకపోవు.

ఫోన్ తీసి మామకు జేసింది. "మామా, బండి తిప్పు. మందను ఎనుకకు తోలుకరా. నీ కాళ్లు మొక్కుత."

ఎల్లేష్ ఎనుక గొర్ల అరుపులు వినవడుతున్నయ్. "దించినం బిడ్డా. కొత్త దొడ్ల నీళ్లు గూడ తాగినయ్. మీ బాపు ఒక్కొక్కదానికి పసుపు వెట్టి, పేరు వెట్టి పిలిచి సాగదోలిండు. పసుపు వెట్టి తోలినదాన్ని ఎవలు ఎనుకకు తోలరు. నువ్వు కురుమ బిడ్డవే, నీకు ఎర్క లేదా?" ఆగి మళ్ల అన్నడు. "ఒకటి అడుగుత. గివి ఒక్కటి మా కేకకు కదులుతలేవు. మీ బాపు ఏమని పిలుస్తుండె?"

స్రవంతి ఫోన్ పెట్టేసింది.

పొద్దు ప్లాట్ల రాళ్ల మీదికి దిగింది. ముత్తమ్మ లోపటికి వోయి పొయ్యి ముట్టిచ్చింది. స్రవంతి తండ్రి పక్కన గోడెక్కి కూసున్నది. కుర్మయ్యనే అడిగిండు.

"గామె ఏదో అన్నది. కే పేన. గది నాకు నేర్పలే నువ్వు."

స్రవంతి చెప్పింది. "అయ్యో అన్నది బాపు. ఎంత పనాయె అన్నది."

"నేను మందను... గట్లన్నందుకా?"

"ఆ."

కుర్మయ్య ఆ మాటను నోట్లె ఏసుకొని చప్పరిచ్చిండు. "మంచి మనిషి," అన్నడు కడాకు. "వాళ్లకు గూడ గొర్లు ఉండెనో ఏమో. గామెకు చెప్పాలె ఉండె బిడ్డా చిరుత ముచ్చట. నవ్వేది గాదు. వినేది."

గాటు చెవి గొర్రె గుంజ చుట్టు తిరిగి తిరిగి, తాడు సుట్టుకొని, ఖాలీ దొడ్డి దిక్కు మొఖం వెట్టి అరిసింది. తిరిగి ఎవలు పలుకలే. కుర్మయ్య దిగి వోయి తాడు ఇప్పి, దాన్ని తోలుకొచ్చి తన మోకాళ్ల నడుమ నిలవెట్టుకున్నడు. అలవాటుగ మేకు దిగిన కాలు పైకెత్తి జూసిండు. పుండు మానుతున్నది.

"గిదొక్కటి తోలలే బాపు?"

"గిది నీ చెవిది. నాదైతె నేను తోలుత. నీది నేనెట్ల తోలుత?" అన్నడు. "ఇగ జెప్పు. టైం ఉన్నది గద ఇప్పుడు."

"ఏం జెప్పాలె?"

"చిరుత కథ. గా భాషలనే. మొదటికెళ్లి చెప్పు. చిరుత మందను వారం రోజులు కాసిందనాలె, తక్కువ జెప్పకు."

స్రవంతి మొఖం తుడుసుకొని చెప్పింది. చలికాలం, చెర్వు కట్ట, ఎనుకవడ్డ కుక్క, గట్కముద్ద. ఏ ఇంటర్వ్యూల గూడ రాని మాటలు రాజాల వచ్చినయ్. కుర్మయ్య అర్థమైనకాడ తలకాయ ఊపిండు, కానికాడ గూడ ఊపిండు. మబ్బు ఇడిసింది, ఎండ గొట్టింది, మచ్చలు కనవడ్డయి. చిరుత ఆయన్ను జూసింది, ఆయన చిరుతను జూసిండు. ఇగ కర్ర కాడికి వచ్చింది కథ.

"మి పాపా..." అన్నది స్రవంతి.

తర్వాతి మాట రాకముందే కుర్మయ్య రెండు చేతులతోని ఆ గొర్రె చెవులు గట్టిగ మూసిండు.